పద్నాలుగో గడి

నీళ్ళ ఆఫీసులో ఆయన్ని అసలు పేరుతో పిలిచేవాళ్ళు ఇప్పుడెవరూ లేరు. జీతాల పట్టీలో ఒక పేరుందిగానీ, ఎవరైనా ఆ పేరుతో పిలిస్తే ఆయనే రెండోసారికి గానీ పలకడు. అందరికీ సీసాలాయన. ముప్పై ఒక్కేళ్ళుగా సైకిలు వెనక నీలం పెట్టె, పెట్టెలో సీసాలు, సీసాల మీద తన చేత్తో గుండ్రంగా రాసి అంటించిన చీటీలు. పన్నెండు కుళాయిల దగ్గర నీళ్ళు పట్టి, మధ్యాహ్నంలోగా ల్యాబుకి చేర్చడం ఆయన పని. చెబితే రెండు ముక్కల్లో అయిపోయే పని. దానికి ఒక జీవితం పట్టింది.

పనిలో ఆయన చెయ్యి చూడాలి. మూత తీస్తే కింద పెట్టడు, చిటికెనవేలు మడిచి అందులో ఇరికించుకుంటాడు. కుళాయి తిప్పి ఐదు నిమిషాలు నీళ్ళు వదిలిగానీ సీసా పెట్టడు. ఆ ఐదు నిమిషాలూ చుట్టూ ఉన్నవాళ్ళు నీళ్ళు వృథా అని సణుగుతూనే ఉంటారు, ఆయన విననట్టు గడియారం చూసుకుంటూనే ఉంటాడు. అంత పద్ధతి మనిషికి ఒకటే బలహీనత. కుళాయి బొట్టుబొట్టుగా కారుతుంటే చూస్తూ ఊరుకోలేడు. అది ఫిట్టరు పని. కానీ ఫిట్టరు పెద్దమనిషి పిలిచిన నెలకి వస్తాడు, వచ్చినా పానా మర్చిపోయి వస్తాడు. అందుకని సీసాలాయన ప్యాంటు జేబులో ఎప్పుడూ ఒక చిన్న పానా, చొక్కా జేబులో మరల మీద చుట్టే తెల్ల టేపు ఒక చుట్ట ఉండేవి. కుళాయి విప్పడం, మరల మీద ఆరు చుట్లు టేపు చుట్టడం, బిగించడం. రెండు నిమిషాల్లో ఆ పని చేసేసి సైకిలెక్కేవాడు. ఎవరూ చేయమనలేదు, ఎక్కడా రాసుకోలేదు. నీకెందుకయ్యా ఈ అక్కర్లేని చాకిరీ అని ఇంట్లో భార్య అంటే, చేతులు ఊరుకోవు, ఏం చేయమంటావు అనేవాడు.

ఆయన ఉద్యోగంలో చేరిన రోజుల్లో రూల్సన్నీ కలిపి ఒక్క కాగితం. గోడకి మేకు కొట్టి తగిలించేవాళ్ళు. రంగు, వాసన, ఉప్పు, క్రిములు, అంతే. తర్వాత సీసం వచ్చింది, ఆర్సెనిక్ వచ్చింది, పురుగుమందులు వచ్చాయి. యాభై దాకా ఉండొచ్చన్నది పదికి దిగింది. నిన్నటిదాకా మంచివన్న నీళ్ళు ఇవాళ్టికి చెడ్డవైపోయాయి. నీళ్ళు మారలేదు, మన చూపు మెరుగైంది అని ల్యాబు మేడం చెప్పింది. ఆవిడ ఆయన కంటే పదేళ్ళు చిన్నది, మాట పొదుపు, ఆయన తెచ్చిన సీసా అంటే మాత్రం కళ్ళకద్దుకుని తీసుకునేది. పదో తరగతి చదువుతో చేరిన మనిషి ప్రతి సర్క్యులరూ మూడుసార్లు చదివి, అర్థం కానిది ఆవిడని అడిగి, పొడుగు నోటుపుస్తకంలో అంటించుకునేవాడు. పాత రూలు మీద ఎర్ర గీత, పక్కన కొత్తది. అలాంటి పుస్తకాలు మూడు నిండి నాలుగోది నడుస్తోంది. రూలు రాసేవాళ్ళకి రాయడమే పని, కలం ఆగదు. ఒకసారి ఒక సర్క్యులరొచ్చింది: 'వెనుకటి సర్క్యులరు మూడో పేరాలో చేయవలెను అన్నచోట చేయవచ్చును అని చదువుకోవలెను.' సీసాలాయన దాన్ని కూడా బుద్ధిగా అంటించి, చదువుకున్నాడు.

పన్నెండు కుళాయిల్లో ఏడోది ఆయన చెల్లెలి వీధి మొదట్లో ఉంటుంది. వీధి వెనక గోడ, గోడ అవతల రెయిన్‌కోట్ల గుడ్డకి నీరంటని పూత వేసే ఫ్యాక్టరీ. ఆ వీధికంతా ఒకటే బోరు, ఇళ్ళల్లో కుళాయిలకీ అవే నీళ్ళు. చెల్లెలి భర్త ఆ ఫ్యాక్టరీలోనే పూత మిషను దగ్గర చేస్తాడు, వీధిలో సగం మంది అక్కడే చేస్తారు. శాంపిల్ తీసుకున్నాక సీసాలాయన చెల్లెలి ఇంట్లో ఐదు నిమిషాలు కూర్చోవడం అలవాటు. ఆవిడ గ్లాసుతో నీళ్ళిచ్చి, నడుం మీద చెయ్యేసుకుని నిలబడి, "ఎలా ఉన్నాయి, ఇన్‌స్పెక్టరు గారూ?" అనేది. ఆయన గ్లాసు ఖాళీ చేసి, మూతి తుడుచుకుని, "పాస్" అనేవాడు. ఏళ్ళ తరబడి అదే వేళాకోళం, అయినా ఇద్దరికీ ప్రతిసారీ నవ్వొచ్చేది. ఆ మధ్య మేనకోడలికి పాప పుట్టింది. తల్లి దగ్గర పాలు చాలక డబ్బాపాలు పట్టేవాళ్ళు. పాపకి కలిపే నీళ్ళు కూడా ఆ కుళాయివే.

అలా ఉండగా కొత్త రూలొచ్చింది. ఈసారి వచ్చినవాటి పేర్లు ఒక్కొక్కటీ వాక్యమంత పొడుగున్నాయి. నీళ్ళలో కరిగితే కుళ్ళవు, విరగవు, ఎండకీ మంటకీ లొంగవు, ఒంట్లోకెళ్తే ఏళ్ళ తరబడి కదలవు. లీటరుకి పది నానోగ్రాములు దాటకూడదని హద్దు. నానోగ్రామంటే ఎంత అని సీసాలాయన అడిగితే, ల్యాబు మేడం ఒక పంచదార పలుకు వేలిమీద పెట్టి చూపించి, దీన్ని లక్ష ముక్కలు చేసుకోండి, అయినా ఒక్కో ముక్కా ఎక్కువే అంది. ఆయన ఆ పొడుగు పేర్లు నోరు తిరక్క, వాటికి చిరంజీవులని పేరు పెట్టుకున్నాడు. ఆవిడా అలాగే అనడం మొదలుపెట్టింది.

వీటికి శాంపిల్ తీయడం పెద్ద తతంగం. అవి లేని చోటంటూ లేదు గనక, తీసేవాడి ఒంటిమీద నుంచే సీసాలో పడొచ్చట. ఒకరోజంతా శిక్షణ ఇచ్చారు. రెయిన్‌కోటు వేసుకోకూడదు, నీరంటని పూతంటేనే చిరంజీవులట. కొత్త బట్టలు వద్దు, మెత్తదనానికి వాడే ద్రవంలో ముంచిన బట్టలసలే వద్దు. చేతులకి క్రీము, జిడ్డంటని కాగితంలో చుట్టిన తిండి, జిగురు కాగితాల పుస్తకం, మరలకి చుట్టే తెల్ల టేపు, ఏవీ దగ్గరికి రాకూడదు, అన్నిట్లోనూ అవి ఉండొచ్చట. సీసాలాయన అన్నీ రాసుకున్నాడు. ఇంటికెళ్ళి పాత నూలు చొక్కా ఒకటి తీస్తే, భార్య దాన్ని ఆరుసార్లు ఉత్త నీళ్ళలో జాడించింది. పెళ్ళికి కూడా ఇంత ముస్తాబు చేసుకోలేదు నువ్వు అని ఎగతాళి చేసింది. తెల్లారి ఆయన జేబులోంచి టేపు చుట్ట తీసి అలమరలో పెట్టి, చేతులు మూడుసార్లు కడుక్కుని బయల్దేరాడు. ఒక్కో చోట తోడు సీసా కూడా మూత తీసి పట్టుకోవాలి. అందులో ల్యాబు వాళ్ళ శుద్ధమైన నీళ్ళుంటాయి. గాల్లోంచో చేతిలోంచో ఏదైనా పడితే ఆ సీసా చెప్పేస్తుంది.

ప్రతి శాంపిల్‌కీ ఒక ఫారం, ఫారంలో ఇరవై గళ్ళు. పద్నాలుగోది: నమూనా తీసిన చోట నిషిద్ధ వస్తువులు ఉన్నవా? సీసాలాయన తన ఒళ్ళు చూసుకున్నాడు, జేబులు తడుముకున్నాడు, చుట్టూ చూశాడు. లేవు అని రాశాడు. పన్నెండు ఫారాల్లోనూ అదే రాశాడు.

మూడువారాలకి పెద్ద ల్యాబు నుంచి జవాబొచ్చింది. పదకొండు చోట్ల హద్దు లోపలే, కొన్నిచోట్ల అసలు ఏమీ లేవు. ఏడో నంబరులో మాత్రం ఎనభై నాలుగు. ల్యాబు మేడం కాగితం ఆయన చేతికిచ్చి, కుర్చీ జరిపింది. ఆయన కూర్చున్నాడు. కళ్ళముందు పాలసీసా ఆడింది.

సాయంత్రం తిన్నగా చెల్లెలి వీధికెళ్ళాడు. ఇంట్లోకి వెళ్ళబోతూ, ఎందుకో కుళాయి దగ్గర ఆగాడు. వంగి చూశాడు. కుళాయి మెడ దగ్గర, మరలు బిగిసిన చోట, తెల్లటి పోగు ఒకటి వెంట్రుకవాసి బయటికి కనిపిస్తోంది. అప్పుడు గుర్తొచ్చింది. ఎనిమిది నెలల కింద ఈ కుళాయి కారుతుంటే తనే విప్పాడు, తనే ఆరు చుట్లు చుట్టాడు. ఒంటిమీద లేకుండా చూసుకున్నాడుగానీ, ఏళ్ళుగా తన చేతులు ఎక్కడెక్కడ ఏం చేసొచ్చాయో వాటిని అడగనే లేదు. ఆ కుళాయి దగ్గరే చాలాసేపు గొంతుక్కూర్చున్నాడు.

అయినా లోపలికెళ్ళి, ఈ నీళ్ళు తాగొద్దని చెల్లెలితో చెప్పాడు. ఎందుకంటే చెప్పే తీరు ఆయనకి తెలీలేదు, అనుమానంగా ఉందన్నాడు. ఆవిడ ఇంకో ప్రశ్న వేయలేదు. మర్నాటి నుంచి పక్క వీధిలో ఎనిమిదో కుళాయి నుంచి మోసుకోవడం మొదలుపెట్టింది. ఆవిణ్ణి చూసి నలుగురైదుగురు ఆడవాళ్ళు కూడా బిందెలెత్తుకున్నారు. పాప కోసం సీసాలాయన రోజూ తన ఇంటి కుళాయి నీళ్ళు ఒక క్యాను సైకిలు మీద తెచ్చిచ్చేవాడు.

ల్యాబు మేడంతో టేపు సంగతి దాచలేదు. ఆవిడ చాలాసేపు ఆలోచించింది. టేపు నుంచి వస్తే ఒకటో రెండో రావాలి, ఎనభై నాలుగు రాదు అంది. అప్పుడాయన తను చుట్టిన కుళాయిలు ఒక్కొక్కటే గుర్తు చేసుకున్నాడు. అసలు తన టేపు ఉన్నది ఏడోదానికి ఒక్కదానికే కాదు. రెండు, ఐదు, పదకొండు, ఆ మూడూ తను చుట్టినవే, అక్కడ ఏమీ రాలేదు. తోడు సీసా కూడా శుభ్రంగా ఉంది. అంటే దోషం టేపుది కాదు, నీళ్ళదే. ఇద్దరికీ అనుమానం లేదు.

మరి పద్నాలుగో గడి? అందులో లేవు అని ఉంది. ఉన్నాయి. ల్యాబు మేడం కిటికీ వైపు చూస్తూ చెప్పింది: "ఈ ఫారాలు రేపు పొద్దున పైకి పంపిస్తాను. అప్పటిదాకా ఈ బల్ల మీదే ఉంటాయి. మీ ఇష్టం, నేనేం చెప్పను."

ఆ సాయంత్రం ఆయన బల్ల ముందు కూర్చున్న తీరు చూసినవాళ్ళెవరూ లేరు. ముప్పై ఒక్కేళ్ళలో ఒక్క చీటీ మీద కూడా ఆయన తప్పు రాయలేదు. తెలిసి రాయకుండా వదిలేస్తే, రేపు ఫ్యాక్టరీ వాళ్ళు ఆ కుళాయి విప్పి టేపు చూపిస్తే, ఏడో నంబరు ఒక్కటే కాదు, అన్నేళ్ళ సీసాలూ అబద్ధమైపోతాయి. అదీగాక, నిజం మొత్తం రాస్తే నిజం మొత్తం చదువుతారనే ఆయన అనుకున్నాడు. అమాయకుడు. 'లేవు' కొట్టేసి 'ఉంది' అని రాశాడు. ఏడోదానికీ, మిగతా మూడింటికీ రాశాడు. అడుగున జాగా చాలక వెనక్కి తిప్పి, ఆ మూడుచోట్లా అదే టేపు ఉన్నా ఏమీ రాలేదనీ, తోడు సీసా శుభ్రమనీ, కాబట్టి నీళ్ళనే అనుమానించాలనీ గుండ్రటి అక్షరాల్లో పద్నాలుగు పంక్తులు రాసి సంతకం పెట్టాడు.

వారం తిరక్కుండా ఆఫీసరు పిలిచాడు. దుర్మార్గుడేం కాదు, కూర్చోమని మంచినీళ్ళు కూడా తెప్పించాడు. పద్నాలుగో గడిలో ఉంది అని ఉంటే ఆ శాంపిల్ చెల్లదని రూలు. ఒకటి కాదు, నాలుగూ చెల్లవు. మిగతా మూడూ చెల్లనివైపోయాక, వాటిలో ఏమీ రాలేదన్న మాటా చెల్లదు. సీసాలాయన ఆ సంగతి ముందు అనుకోలేదు. ఫారం తిప్పి వెనక చూడండి సార్ అన్నాడు. ఆఫీసరు తిప్పి, చదివి, మళ్ళీ ముందుకి తిప్పాడు.

"వెనక రాసింది ఎక్కించడానికి గడి లేదండీ," అన్నాడు. "మీరు రాసింది నిజమేనని నాకూ అనిపిస్తోంది. కానీ ఆ ఒక్క మాట రాయకుండా ఉంటే ఈపాటికి ఆ బోరు మూసేసేవాణ్ణి."

మళ్ళీ శాంపిల్ తీస్తానన్నాడు సీసాలాయన. దానికీ ఒక రూలుంది. నిషిద్ధ వస్తువు తాకిన చోట బిగింపులన్నీ మార్చి, ఆరు నెలలు ఆగిగానీ తీయకూడదు. పోనీ చెల్లెలి ఇంట్లో కుళాయి దగ్గర తీస్తానన్నాడు. జాబితాలో ఉన్న పన్నెండు చోట్ల తప్ప ఎక్కడ తీసినా లెక్కలోకి రాదు, జాబితాలో కొత్త చోటు చేర్చాలంటే పైనుంచి అనుమతి రావాలి. ఎంతకాలం పడుతుందని అడిగితే ఆఫీసరు నీళ్ళు నమిలాడు. సీసాలాయన అనుమతి కోసం రాసిన అర్జీ ఈరోజుకీ ఎక్కడో ఒక బల్ల మీద క్షేమంగానే ఉండుంటుంది.

ఆ వారమే వీధి మొదట్లో నోటీసు అంటించారు. ఏడవ నంబరు నమూనా సేకరణలో సిబ్బంది పొరపాటు కారణంగా చెల్లదు, నీటి వాడకంపై ఎటువంటి నిషేధమూ లేదు. రాసినవాడి చేతులు పడిపోలేదు, ఆఫీసు ముద్ర కూడా స్పష్టంగా పడింది. సిబ్బంది అంటే ఎవరో వీధిలో పసిపిల్లలకి కూడా తెలుసు. బిందెలెత్తుకున్న ఆడవాళ్ళు రెండువారాల చాకిరీ వృథా అయిందని చెల్లెలి మొహానే అనేశారు. ఫ్యాక్టరీలో ఆవిడ భర్తని సూపర్‌వైజరు పిలిచి, మీ బావ తన తప్పు మనమీద రుద్దబోయాడట కదా అని నవ్వుతూ అడిగాడు. నవ్వుతూ అడిగినందుకే అతనికి భయమేసింది. ఆ సాయంత్రం సీసాలాయన క్యాను దింపుతుంటే గుమ్మంలోనే ఆపేశాడు. కోపంగా కూడా కాదు. "రేపట్నుంచి తేవద్దు బావా. వీధి అంతా చూస్తోంది. నా ఉద్యోగం మీదికొస్తుంది," అన్నాడు.

చెల్లెలు మాత్రం కోప్పడలేదు. ఆవిడకి కొండంత బరువు దిగినట్టుంది. అన్నయ్య పక్కన చేరి మెల్లగా, "అయితే నీళ్ళు మంచివేనన్నమాట. నీ టేపు వల్ల వచ్చిందట కదా. పోనీలే అన్నయ్యా, ఎవరికైనా జరుగుతుంది," అని ఆయన్నే ఓదార్చింది. టేపు వల్ల కాదని చెప్పాడు. మూడు కుళాయిల సంగతి చెప్పాడు, తోడు సీసా సంగతి చెప్పాడు. ఆవిడ ఓపిగ్గా విని, కాగితం మీద నువ్వే రాశావట కదా, సంతకం కూడా పెట్టావట కదా అంది.

ఫిట్టరు వచ్చి బిగింపులు మార్చాడు. రూలు ప్రకారం టేపు చుట్టలేదు, అందుకని కుళాయి కారడం మొదలుపెట్టింది. సీసాలాయన ఆరు నెలలూ రోజులు లెక్కపెట్టుకుంటూ, శాంపిల్ తీయడానికి ఆ నూలు చొక్కా విడిగా దాచుకున్నాడు. ల్యాబు మేడం పెద్ద ల్యాబుకి ఫోను చేసి ముందే వంతు రాయించి పెట్టింది. ఐదో నెలలో సర్క్యులరొచ్చింది. చిరంజీవుల హద్దు మీద నిపుణులు మళ్ళీ ఆలోచిస్తున్నారు గనక, రెండేళ్ళపాటు ఆ పరీక్షలు నిలిపివేయడమైనది. సీసాలాయనకి రిటైర్మెంటు పద్నాలుగు నెలల్లో ఉంది. మూడుసార్లు చదివాడు. నాలుగో పుస్తకం తీసి అంటించి, పాత రూలు మీద ఎర్ర గీత కొట్టబోయి, కొట్టలేక పెన్ను మూసేశాడు.

ఆ మర్నాడు ఉప్పూ క్రిముల శాంపిల్‌కని ఏడో నంబరుకి వెళ్ళాడు. కుళాయి కింద ఎవరో బకెట్ పెట్టారు, బొట్టుబొట్టుగా నిండుతోంది. ఐదు నిమిషాలు వదిలి, సీసా పట్టి, మూత పెట్టి, చెల్లెలి ఇంటికి వెళ్ళాడు. చాలా రోజులకి వచ్చాడని ఆవిడ మొహం వెలిగింది. పొయ్యిమీద గిన్నెలో నీళ్ళు కుతకుతలాడుతున్నాయి. నీకోసమే అన్నయ్యా, పాపకిచ్చేవి ఇప్పుడు ఇరవై నిమిషాలు మరిగిస్తున్నాను అని చెప్పింది. మరిగితే నీళ్ళు ఆవిరవుతాయి, చిరంజీవులు కావు. గిన్నెలో నీళ్ళు తగ్గినకొద్దీ అవే చిక్కనవుతాయి. ఒకసారి చెప్పాడు ఆ మాట. ఏ పురుగైనా మరిగితే చస్తుందిలే అని అప్పుడావిడ అంది. ఇప్పుడు మళ్ళీ చెప్పడానికి ఆయనకి నోరు రాలేదు.

మేనకోడలు ఒళ్ళో పాపనేసుకుని గోడకానుకుని కూర్చుంది. ఆయన తెచ్చిచ్చిన క్యాను గుమ్మం పక్కన బోర్లించి, దానిమీద చెప్పులు పెట్టారు. చెల్లెలు కుళాయి తిప్పి గ్లాసు నింపి ఆయన చేతికిచ్చింది. ఐదు నెలలుగా ఆవిడ ఆ వేళాకోళం ఆడలేదు. ఇవాళ నడుం మీద చెయ్యేసుకుని నిలబడింది. గొడవలన్నీ అయిపోయాయి, మనం మనమే అని చెప్పడానికే అలా నిలబడిందని ఆయనకి తెలుస్తూనే ఉంది.

"ఎలా ఉన్నాయి, ఇన్‌స్పెక్టరు గారూ?" అంది.

తాగకుండా గ్లాసు కింద పెడితే ఈ ఇంట్లో ఆయనకి మళ్ళీ చోటుండదు. దానివల్ల పాపకి ఆ నీళ్ళు ఒక్క చుక్క తగ్గేటట్టయితే చోటు పోయినా పరవాలేదు. తగ్గదు. గ్లాసెత్తి, ఆగకుండా మొత్తం తాగాడు. మూతి తుడుచుకున్నాడు. మేనకోడలు నవ్వుమొహంతో చూస్తోంది, చెల్లెలు చూస్తోంది. ఆ ఒక్క మాట అనకుండా ఖాళీ గ్లాసు ముందుకి చాపాడు.

"పాసేలే," అని తనే అనేసి, చెల్లెలు గ్లాసు తీసుకుని పొయ్యి దగ్గరికెళ్ళింది. ముందు మరిగించి చల్లార్చి పెట్టిన నీళ్ళు పాలసీసాలో గీత దాకా పోసి, నాలుగు చెంచాల పొడి వేసి, మూత పెట్టి ఆడించింది.